ఏ తప్పు? ఈ తప్పు!

మా వీధి మలుపులో మొన్న ఒక కుర్రాడు కొట్టు పెట్టాడు. నోటు పుస్తకాలు, పెన్నులు, అట్టలు, జిగురు సీసాలు, ఓ మూల జిరాక్సు యంత్రం. డిగ్రీ ప్యాసయి, ఉద్యోగం కోసం నాలుగేళ్ళు చెప్పులరగదీసి, చివరికి వాళ్ళమ్మ మెళ్ళో గొలుసు తాకట్టు పెట్టి తెరిచిన కొట్టు. కొబ్బరికాయ కొట్టారు, హారతిచ్చారు, వచ్చినవాళ్ళకి తలా ఒక లడ్డూ పెట్టారు. అంతవరకూ బాగానే ఉంది. అప్పుడు మా వీధిలోని ఒక పెద్దమనిషి లడ్డూ నములుతూ తల పైకెత్తి బోర్డు చూశారు.

బోర్డు మీద ఇంగ్లీషులో ‘స్టేషనరీ’ అని రాసి ఉంది. ఆ మాటలో ‘ఆర్’కి ముందు ‘ఈ’ అనే అక్షరం ఉండాలి. బోర్డు రాసినవాడు ‘ఏ’ పెట్టాడు.

“ఏమోయ్, అయితే నీ కొట్టు కదలదన్నమాట!” అన్నారు పెద్దమనిషి, నలుగురికీ వినపడేలాగ. తెలియనివాళ్ళ కోసం వ్యాఖ్యానం కూడా చెప్పారు. ‘ఈ’తో రాస్తే కాగితాలూ కలాలూనట, ‘ఏ’తో రాస్తే ఉన్నచోటనుంచి కదలనిదట. అందరూ నవ్వారు. అర్థమైనవాళ్ళు అర్థమైనందుకు నవ్వారు. కానివాళ్ళు ఆ సంగతి బయటపడకూడదని నవ్వారు. నేనూ నవ్వాను. దాచటమెందుకు?

కుర్రాడు మాత్రం నవ్వలేదు. లడ్డూల పళ్ళెం చేతిలో పట్టుకుని బోర్డువంక చూశాడు, వాళ్ళమ్మవంక చూశాడు. మర్నాటికి ఆ బోర్డు మీద పాత దుప్పటి ఒకటి కప్పి ఉంది.

ఆ దుప్పటి చూశాక నాకు మనసొప్పలేదు. ఇంటికొచ్చి పెద్ద నిఘంటువు తీశాను. తీసినకొద్దీ నవ్విన పెద్దమనిషి మీద, నా మీద కూడా, నాకే నవ్వొచ్చింది.

సంగతేమిటంటే, వెనకటి రోజుల్లో ఐరోపాలో సరుకులమ్మేవాళ్ళు ఎక్కువమంది తట్ట నెత్తినెట్టుకుని ఊరూరా తిరిగేవాళ్ళే. విశ్వవిద్యాలయాలున్న పట్నాల్లో పుస్తకాలమ్మేవాళ్ళు మాత్రం ఒక్కచోట స్థిరంగా కొట్టు పెట్టుకుని కూచునేవారు. అందుకని లాటిన్ మాట పట్టుకుని వాళ్ళని ‘స్టేషనర్లు’ అన్నారు. అనగా, కదలకుండా ఒకచోట ఉండేవాళ్ళు. లండనులో వాళ్ళకో సంఘం కూడా ఉంది. దానికి 1557లో రాజశాసనం దొరికింది. ఆ స్టేషనర్లు అమ్మే సరుకే ‘స్టేషనరీ’ అయింది. అంటే ‘ఏ’ ఉన్న మాటా, ‘ఈ’ ఉన్న మాటా ఒక తల్లి బిడ్డలే. మా కుర్రాడి కొట్టు కదలని కొట్టు అని కదా పెద్దమనిషి ఎగతాళి? కదలని కొట్టు కనకనే ఆ సరుకుకి ఆ పేరొచ్చిందని ఆయనకి తెలియదు. నాకూ అప్పటిదాకా తెలియదు.

అయితే బోర్డు మీద ‘ఏ’ ఉంటే తప్పులేదా? ఉంది. ఇవాళ ఇంగ్లీషు రాసేవాళ్ళందరూ ఒప్పుకున్న పద్ధతి ఒకటుంది. బోర్డు పెట్టినప్పుడు ఆ పద్ధతిలోనే రాయాలి. దానికి నేను అడ్డు చెప్పను. నా తగువల్లా ఒక్కటే. ఏ తప్పుకి ఎంత శిక్ష అన్నది మనకి తెలియటంలేదు. నవ్వకూడని తప్పుకి పడీపడీ నవ్వుతున్నాం. వణకవలసిన తప్పుని చూసీ చూడనట్టు పోతున్నాం.

ముందు నవ్వే తప్పుల సంగతి చూద్దాం. పిండిని ఇంగ్లీషులో ‘ఫ్లవర్’ అంటారు, పువ్వునీ ‘ఫ్లవర్’ అంటారు. పలుకు ఒకటే, అక్షరాలు వేరు. మన పిల్లవాడు ఒకదానికి బదులు ఇంకొకటి రాస్తే పంతులుగారు ఎర్రసిరాతో సున్నా చుడతారు. కానీ ఆ రెండూ మొదట ఒకే మాట. గింజలో శ్రేష్ఠమైన భాగం, పువ్వులాంటిది, కనక పిండికి ఆ పేరొచ్చింది. 1755లో శామ్యూల్ జాన్సన్ అంతటివాడు తన మహా నిఘంటువు వేసినప్పుడు కూడా ఈ రెంటినీ వేరు చెయ్యలేదు. జాన్సన్‌కి అక్కర్లేని తేడా మన ఐదో తరగతి పిల్లవాడి వీపు మీద మోగుతోంది.

‘లైసెన్స్’ అనే మాటుంది. బ్రిటిషువారి పద్ధతిలో, జేబులో పెట్టుకునే కాగితమైతే చివర ‘సీ’, అనుమతినివ్వటం అనే క్రియ అయితే ‘ఎస్’. అమెరికావారు ఈ గొడవంతా ఎందుకని రెంటికీ ‘ఎస్’ పెట్టేశారు. ‘ప్రాక్టీస్’ దగ్గర మళ్ళీ రెంటికీ ‘సీ’ అన్నారు! లండనులో తప్పయినది న్యూయార్కులో ఒప్పు. మన ఊళ్ళో రెండు దేశాల పుస్తకాలూ చదువుకున్న పిల్ల ఎలా రాసినా ఎవరో ఒకరి దగ్గర తప్పే. మీరే చెప్పండి, ఆ పిల్ల చేసిన నేరమేమిటి?

ఇక ‘లెస్’, ‘ఫ్యూయర్’ అని రెండున్నాయి. లెక్కపెట్టగలిగినవాటికి ‘ఫ్యూయర్’ అనాలిట, పాలూ నీళ్ళలాంటివాటికి ‘లెస్’ అనాలిట. దీన్ని వేదవాక్యంలాగ వల్లిస్తారు. ఇంగ్లండు రాజు ఆల్‌ఫ్రెడ్ తొమ్మిదో శతాబ్దంలోనే లెక్కపెట్టేవాటికి ‘లెస్’ వాడాడు. ఆ తరవాత ఎనిమిది వందల ఏళ్ళకి పైగా జనం అలాగే వాడుకున్నారు. 1770లో రాబర్ట్ బేకర్ అనే ఆయన ఒక పుస్తకంలో, అలాంటిచోట ‘ఫ్యూయర్’ అంటే సొగసుగా ఉంటుందని నాకనిపిస్తుంది అని రాసుకున్నాడు. ఒక మనిషికి అనిపించిన సంగతి క్రమంగా సూత్రమై, సముద్రాలు దాటి, మన పరీక్ష కాగితంలో ఒక మార్కు కోతై కూర్చుంది.

ఇన్ని చెప్పింది ఇంగ్లీషుని వెటకారం చెయ్యటానికి కాదు. అన్ని భాషలూ ఇంతే. మన ఇంటి సంగతి చూడండి. లడ్డూ నమిలిన పెద్దమనిషి ఇరవై ఏళ్ళుగా పొద్దున్నే ఒక హోటల్లో టిఫిను చేస్తారు. ఆ హోటలు బోర్డు మీద ‘శాఖాహారం’ అని తెలుగులో ఇంత లావు అక్షరాలతో ఉంటుంది. శాకమంటే కూర. శాఖ అంటే కొమ్మ. కూరలు తినేవాళ్ళ హోటలు కాస్తా కొమ్మలు తినేవాళ్ళ హోటలైంది. ఆ బోర్డు కిందే కూచుని ఇరవై ఏళ్ళనుంచి ఇడ్లీ తింటున్నారే, కొమ్మలు నములుతున్నట్టు ఆయనకి ఒక్కనాడూ అనిపించలేదు. ఆయనే కాదు, నాకూ అనిపించలేదు. ‘థ’ పొట్టలో చుక్క మరిచిపోయి ‘అర్ధం కాలేదు’ అని రోజూ ఎంతమంది రాయటంలేదు? దానికి ‘సగం కాలేదు’ అని అర్థం. ఎవరైనా నవ్వారా? నవ్వరు. ఏమంటే, తెలుగు తప్పు రాస్తే పరువు పోదు. ఇంగ్లీషు తప్పు రాస్తేనే పోతుంది. కనక ఆ నవ్వు భాష మీద ప్రేమతో వచ్చింది కాదు. నేను నీకంటే ఒక మెట్టు పైనున్నాను సుమా అని చెప్పుకోవటానికి వచ్చిన నవ్వు.

ఇప్పుడు రెండో రకం తప్పుల దగ్గరికొద్దాం. ఇవి అక్షరం తప్పులు కావు, అర్థం తప్పులు. పుచ్చుకోవటానికి ‘బారో’, ఇవ్వటానికి ‘లెండ్’. మనవాళ్ళకి ఇవి తరచు తారుమారవుతాయి. కారణం తెలివితక్కువ కాదు. మనకి ‘అప్పు’ అని ఒకే మాటుంది. పక్కన ఇచ్చానో, పుచ్చుకున్నానో చేరిస్తే పని జరుగుతుంది. ఇంగ్లీషువాడు రెంటికీ రెండు వేరు మాటలు పెట్టుకున్నాడు. దాంతో ఒకడు బ్యాంకుకి అర్జీ రాస్తూ, ‘మీకు లక్ష రూపాయలు అప్పివ్వదలిచాను, దయచేసి మంజూరు చెయ్యండి’ అన్నంత పని చేస్తాడు. అర్జీలో అయితే గుమాస్తా నవ్వుకుని సర్దుకుంటాడు. అదే ప్రోనోటులో అయితే? ఇచ్చినవాడెవరు, తీర్చవలసినవాడెవరు?

‘హియర్’, ‘లిజన్’ రెండూ మనకి వినటమే. ‘సీ’, ‘లుక్’, ‘వాచ్’ మూడూ చూడటమే. క్లాసులో మన కుర్రాడు లేచి “ఐ హావ్ ఎ డౌట్” అంటే, మన పంతులుగారికి ప్రశ్న అడగబోతున్నాడని తెలుస్తుంది. ఎందుకంటే మన సందేహంలో అనుమానమూ ఉంది, తెలుసుకోవాలనే కోరికా ఉంది. అదే మాట ఇంగ్లండులో చదువుకోబోయి అక్కడి పంతులుతో అంటే, తను చెప్పింది నమ్మటంలేదు కాబోలని ఆయన నొచ్చుకోవచ్చు.

మరి ఇంగ్లీషువాడు మన దగ్గరికొస్తే తడబడడా? వాడికి ‘వుయ్’ ఒక్కటే. మనకి మనం వేరు, మేము వేరు. “మేము భోజనానికి వెళుతున్నాం” అంటే ఎదుటివాడు ఇంట్లోనే ఉండాలి. “మనం” అంటే చెప్పులేసుకుని బయల్దేరాలి. బాబాయి, పెదనాన్న, మేనమామ అందరూ వాడికి ‘అంకులే’. సి.పి. బ్రౌన్ దొర 1820లో కడపకి ఉద్యోగానికొచ్చి, సొంత డబ్బిచ్చి పండితుల్ని పెట్టుకుని, వాళ్ళ సాయంతో మన పుస్తకాలు పరిష్కరించి, 1852లో తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు అచ్చువేశాడు. అంటే భాష విషయంలో తనని దిద్దగలవాళ్ళని జీతమిచ్చి మరీ పక్కన కూచోబెట్టుకున్నాడన్నమాట. ఇవాళ ఒక తెల్లవాడు మన వీధిలోకొచ్చి “మేము వెళదాం రండి” అంటే మనకి ముద్దొస్తుంది. వాడి తప్పు ముద్దు, మనవాడి తప్పు వెటకారం. ఇదెక్కడి న్యాయమండీ?

ఇంతకీ నాకు ఈ విషయంలో ఇంత పట్టింపు ఎందుకొచ్చిందో చెప్పాలి. చెప్పటానికి సిగ్గుగానే ఉంది. మా అక్కయ్య భర్తకి చక్కెర వ్యాధి. ఇన్సులిను సూది వేసుకుంటారు. ఆసుపత్రిలో డాక్టరుగారు రెండు మాటలు చెప్పి పంపారు. చక్కెర బాగా పెరిగితే ‘హైపర్’, బాగా పడిపోతే ‘హైపో’. పడిపోయినప్పుడు, తెలివిలో ఉండి మింగగలిగితే, వెంటనే పంచదారో గ్లూకోసో ఇవ్వాలన్నారు. గ్రీకు భాషలో ‘హైపర్’ అంటే పైన, ‘హైపో’ అంటే కింద అని నేనక్కడే అందరికీ ఉపన్యాసం కూడా ఇచ్చాను. ఇంగ్లీషు వచ్చినవాణ్ణి కదా!

నెల తిరక్కుండా ఒక మధ్యాహ్నం అక్కయ్య ఫోను చేసింది. “బావగారికి ఒళ్ళంతా చెమటలు పట్టేస్తున్నాయిరా, చేతులు వణుకుతున్నాయి, ఏదో మాట్లాడుతున్నారు. ఇదే కదా డాక్టరుగారు చెప్పింది? ఏమిటన్నారూ?” నేను క్షణం కూడా తడుముకోలేదు. “హైపర్ అక్కయ్యా! తీపి దగ్గరికి రానివ్వకు” అన్నాను.

అక్కయ్య పంచదార డబ్బా మూతపెట్టి పక్కన పెట్టిందట. అదృష్టం బాగుండి, ఆవిడ కేకలకి పక్కింటి నర్సమ్మ వచ్చింది. ఆవిడకి గ్రీకు రాదు. ఇంగ్లీషూ అంతంతమాత్రం. “ఎక్కువైందా, తక్కువైందా? అది చెప్పండి ముందు” అంటూ వేలు గుచ్చి మిషనులో చూసింది. “పడిపోయిందమ్మా, బాగా పడిపోయింది” అని గ్లాసుడు నీళ్ళలో గ్లూకోసు కలిపి తాగించింది. కాసేపటికి బావగారు తేరుకుని, “కాఫీ ఏదీ?” అన్నారు.

ఆ సాయంత్రం నేను వెళ్ళి ఆయన మంచం పక్కన కూచున్నాను. నన్నెవరూ ఏమీ అనలేదు. ఒక అక్షరం తప్పు రాసిన కుర్రాడిని చూసి వీధంతా నవ్వింది. ఒక మాట తప్పు చెప్పి మనిషి ప్రాణం మీదికి తెచ్చిన నాకు అక్కయ్య కాఫీ ఇచ్చింది. కుర్రాడి కొట్టు ముందు నవ్వేటప్పటికి ఈ సంగతి నాకు జ్ఞాపకం రాలేదు. దుప్పటి చూశాక వచ్చింది.

ప్రాణం సంగతొచ్చినప్పుడు ఇంగ్లీషువాళ్ళు కూడా పాండిత్యం పక్కన పెట్టారు. పెట్రోలు లారీల వెనకాల ‘ఇన్‌ఫ్లేమబుల్’ అని ఉండటం మీరు చూసే ఉంటారు. త్వరగా అంటుకునేది అని దానర్థం. కానీ ముందున్న ‘ఇన్’ని చూసి అది ‘కాదు’ అనే అర్థంలో ఉందనుకోవచ్చు. అలా అనుకుంటే అంటుకోనిదని తాత్పర్యం వస్తుంది! చేతిలో బీడీ ఉన్నవాడికి ఆ తాత్పర్యం తోచిందంటే ఇంకేమైనా ఉందా? అందుకని అమెరికాలో నిప్పు ప్రమాదాల నివారణకోసం పనిచేసే జాతీయ సంఘం 1920లలోనే ఆ ‘ఇన్’ తీసేసి ‘ఫ్లేమబుల్’ అని రాయమని చెప్పటం మొదలుపెట్టింది. చదివేవాడికి వ్యాకరణం రాదని నవ్వుతూ కూచోలేదు. మాటే మార్చారు. నేను చెప్పేదీ అదే. మాట ఉన్నది ఎదుటివాడికి తెలియటానికి. తెలియకపోతే ప్రమాదమున్నచోట గట్టిగా ఉండాలి. లేనిచోట కాస్త పెద్దమనసుండాలి.

మరి పిల్లలకి ఎలా నేర్పాలంటారా? ‘సాధారణంగా జరిగే తప్పులు’ అంటూ ఎడమపక్క తప్పు, కుడిపక్క ఒప్పు అచ్చువేసే పుస్తకాలున్నాయి. నా ఉద్దేశంలో వాటిని అటకెక్కించటం మంచిది. కవలపిల్లల్ని ఇద్దర్నీ ఒకేసారి, ఒకే రంగు గౌనులు వేసి తీసుకొచ్చి పరిచయం చేస్తే ఎవరు ఎవరో ఎలా తెలుస్తుంది? ముందు ఒకమ్మాయితో బాగా పరిచయం కానివ్వండి. రెండో అమ్మాయి వచ్చినప్పుడు “ఈవిడ ఆవిడ కాదు” అని దానంతటదే తెలుస్తుంది. మాటలూ అంతే. ఒక మాటని దాని వాక్యంలో, దాని పనిలో పెట్టి నేర్పాలి. ‘బారో’ నేర్పేటప్పుడు ‘లెండ్’ జోలికి పోవద్దు. పక్కింటినుంచి కాఫీపొడి తెచ్చుకున్నాం అని పదిసార్లు చెప్పించండి చాలు. ‘స్టేషనరీ’కి ఒక చిట్కా ఉంది. ఉత్తరాల కవరుని ‘ఎన్వలప్’ అంటారు. ఆ మాట ‘ఈ’తో మొదలవుతుంది. కవర్లమ్మే కొట్టులోనూ ‘ఈ’ ఉండాలి. ఇంక ఈ జన్మకి మరిచిపోరు.

నేర్చుకోవటానికి ఇంతే కావాలి. నవ్వు దీన్లో ఎక్కడా అక్కర్లేదు. నవ్వినందువల్ల ఒక్కటే జరుగుతుంది. జవాబు తెలిసిన పిల్ల నోరు విప్పదు. అర్థంకాని కాగితం మీద పెద్దవాళ్ళు కూడా “ఇదేమిటండీ?” అని అడక్కుండా సంతకం పెడతారు. మా అక్కయ్యకి నేను చెప్పింది తప్పేమోనని ఒక్క క్షణం అనిపించిందట. “ఇంగ్లీషొచ్చినవాడివి, నిన్నడిగితే బాగుండదని ఊరుకున్నానురా” అంది తరవాత. ఆ ‘బాగుండదు’ అన్న మాటకి కారణం మాలాంటివాళ్ళ నవ్వే.

ఆ దుప్పటి చూసిన రాత్రి కొట్టు కట్టేసే వేళకి వెళ్ళాను. ఎవరూ లేరు. కుర్రాడికి కవరు చిట్కా చెప్పాను, స్టేషనర్ల కథ చెప్పాను. “అయితే నా కొట్టు కదలదన్నమాట నిజమేనాండీ?” అని అప్పుడు నవ్వాడు. రెండు రోజుల్లో కొత్త బోర్డొచ్చింది. ఇంగ్లీషులో ‘ఈ’ సరిగ్గా ఉంది. దాని పైన, ఇంకా పెద్దక్షరాలతో, ‘పుస్తకాలు, పెన్నులు, కాగితాలు’ అని తెలుగులో ఉంది. చూసి మెచ్చుకున్నాను.

కుర్రాడు కాసేపాగి, గొంతు తగ్గించి అడిగాడు. “మాస్టారూ, మరి ఆ హోటలు బోర్డు మీద కొమ్మల సంగతి?”

“చెబుతాలేవోయ్,” అన్నాను, “రేపు పొద్దున్నే వెళ్ళి, గల్లాపెట్టె దగ్గర ఎవరూ లేనప్పుడు.”